ఎయిర్ గన్‌తో దుమ్ము పోదు, కరెంటు పోతుంది

ఏప్రిల్ మధ్యాహ్నం హైదరాబాద్ కాటేదాన్‌లోనో జీడిమెట్లలోనో ఏదైనా ప్లాస్టిక్ మౌల్డింగ్ షెడ్డులో పది నిమిషాలు నిలబడి చూడండి. అచ్చులోంచి అప్పుడే బయటికొచ్చిన డబ్బా మూత. ఆపరేటర్ దాని మీద ఎయిర్ గన్‌తో బుస్సుమని కొడతాడు. దుమ్ము లేస్తుంది. మూతని బల్ల మీద పెట్టాక కాసేపు కళ్లు దగ్గరగా పెట్టి చూడండి, అంచు చుట్టూ సన్నటి నూగు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మళ్లీ కొడతాడు. అదే దుమ్ము పక్క మూత మీద వాలుతుంది. తప్పు ఆ ఆపరేటర్‌ది కానే కాదు. అతని చేతికి మనం ఇచ్చిన పనిముట్టే తప్పు.

మూత మీద కొన్ని వేల వోల్టుల స్టాటిక్ ఛార్జ్, అంటే కదలకుండా నిలిచిపోయిన విద్యుత్ ఉంటుంది. అచ్చు నుంచి విడిపోయేటప్పుడే అది పుడుతుంది. మామూలు గాలి ఎంత గట్టిగా కొట్టినా ఆ ఛార్జ్‌ని తీసెయ్యలేదు. దుమ్మును లేపుతుంది, అంతే. ఛార్జ్ అక్కడే ఉంది కాబట్టి లేచిన దుమ్మును మూత మళ్లీ లాక్కుంటుంది. ఇంత చిన్న విషయం పట్టించుకోకుండా ఏళ్ల తరబడి గాలి కొడుతూనే ఉన్నాం.

ఎందుకంటే ఫ్యాక్టరీల్లో ఈ సమస్యను ముగ్గురికి పంచేశారు. క్వాలిటీ వాళ్లు రిజెక్షన్ రాసుకుంటారు. ప్రొడక్షన్ వాళ్లు ఇంకో రెండు ఎయిర్ గన్‌లు పెట్టిస్తారు. అప్పుడు లైన్ చివర ప్రెషర్ పడిపోతుంది, మెయింటెనెన్స్ వాళ్లు ఇంకో కంప్రెసర్ కావాలంటారు. కరెంటు బిల్లు వీళ్లెవరి టేబుల్ మీదికీ రాదు. ముగ్గురినీ ఒక మిషన్ ముందు నిలబెట్టి మాట్లాడిస్తే తప్ప ఇది తేలదని గట్టిగా నమ్ముతాను.

గాలి ఉచితం అనుకునేవాళ్ల కోసం లెక్క చెప్తాను. 7 కేజీ (చదరపు సెంటీమీటరుకి) ప్రెషర్‌లో 100 సీఎఫ్ఎం (నిమిషానికి 100 ఘనపుటడుగులు) గాలి తయారవ్వాలంటే మామూలు స్క్రూ కంప్రెసర్ దాదాపు 18 కిలోవాట్లు తీసుకుంటుంది. మన దగ్గర చాలా మిషన్ల మీద కనిపించే 6 ఎంఎం రాగి గొట్టం ఉంది కదా, ఒక చివర వంచి పార్ట్ వైపు తిప్పి వదిలేసేది, ఆ ఒక్క గొట్టమే సులువుగా 50 సీఎఫ్ఎం మింగుతుంది. అంటే 9 కిలోవాట్లు. ఒకటిన్నర టన్ను ఏసీలు ఆరు కలిపి నడిపినట్టు. రోజంతా, ఏడాదికి 300 రోజులు తెరిచి ఉంచితే 64,800 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 5 లక్షలు దాటింది. ఒక్క గొట్టానికి!

సైకిల్ టైమ్ 12 సెకన్లు, పార్ట్ గాలి ముందు ఉండేది 3 సెకన్లు అనుకోండి. మిగతా 9 సెకన్లు గాలి ఖాళీ జాగాకే పోతోంది. ఒక ఫొటో సెన్సర్, కరెంటుతో తెరుచుకుని మూసుకునే సోలినాయిడ్ వాల్వ్ ఒకటి పెడితే వాడకం నాలుగో వంతుకి వస్తుంది. ఆ రాగి గొట్టం కొన తీసేసి చుట్టూ ఉన్న గాలిని కూడా లాక్కునే నాజిల్ వేస్తే ఇంకా తగ్గుతుంది. ప్రెషర్ కూడా 6 కేజీ అక్కర్లేదు, ఆ గొట్టానికి విడిగా రెగ్యులేటర్ పెట్టి 2, 3 కేజీకి దించి చూడండి, ఎక్కువ పనులు అయిపోతాయి. ఇక్కడ ఒక మాట మాత్రం ముందే తెలుసుకోవాలి. కంప్రెసర్ అన్‌లోడ్‌లో, అంటే గాలి తయారుచెయ్యకుండా ఉత్తినే తిరిగేటప్పుడు కూడా ఫుల్ లోడ్‌లో 25 నుంచి 35 శాతం కరెంటు తాగుతుంది. వాడకం తగ్గించి కంప్రెసర్‌ని అలాగే తిరగనిస్తే బిల్లులో తేడా అనుకున్నంత కనిపించదు. రెండో కంప్రెసర్‌ని ఆపగలిగినప్పుడో, వాడకాన్ని బట్టి మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ ఉన్నప్పుడో అసలు డబ్బు మిగులుతుంది.

స్టాటిక్ దగ్గరికి వద్దాం. "మిషన్‌కి ఎర్తింగ్ ఉంది కదా" అనే జవాబు వినని షెడ్డు లేదు. ఎర్తింగ్ ఇనుముకి పనిచేస్తుంది, మనిషి ఒంటికి పనిచేస్తుంది. పీపీ, పీఈటీ, పాలిథిన్ లాంటి ప్లాస్టిక్‌లలో ఛార్జ్ కదలదు కాబట్టి వాటికి ఎన్ని ఎర్త్ వైర్లు తగిలించినా లాభం లేదు. వాటికి ఎదురు ఛార్జ్ గాలిలోంచి అందాలి, అందుకే ఛార్జ్ ఉన్న గాలి కణాల్ని (అయాన్లని) వదిలే అయొనైజర్. యాంటీ స్టాటిక్ స్ప్రే కొట్టి గట్టెక్కుదామనుకుంటే పార్ట్ మీద పొర మిగులుతుంది, తర్వాత ప్రింటింగ్ పట్టదు, లేబుల్ ఊడొస్తుంది.

గాలిలో తేమ పెంచితే సరిపోతుందని కొందరంటారు. కొంతవరకు నిజమే. గాలిలో తేమ 20 శాతం దగ్గర ఉన్నప్పుడు వినైల్ ఫ్లోర్ మీద నడిచే మనిషి ఒంట్లో 12,000 వోల్టుల దాకా చేరొచ్చు, 65 శాతం దాటితే అది వందల్లోకి పడిపోతుంది. మన ఊళ్లో వేసవి మధ్యాహ్నాల్లో తేమ 30 శాతం కంటే కిందికి జారుతుంది. జులైలో తేమ పెరిగి సమస్య దానంతటదే తగ్గుతుంది, "సెట్ అయిపోయింది" అనుకుంటారు, ఫిబ్రవరి చివరికి మళ్లీ మొదలు. కానీ పొడి మందులు నింపే గదిలో తేమ పెంచడం కుదరదు. అక్కడ పొడి పౌచ్ అంచుకి అంటుకుని సీల్ సరిగ్గా పడకపోతే అది లీక్ పౌచ్. దానికి దారి అయొనైజర్ ఒక్కటే.

అయొనైజర్ కొన్నాక కూడా పనిచెయ్యట్లేదని మూలన పడేసినవి చాలా ఉంటాయి. కారణం దాదాపు ప్రతిసారీ బిగించిన చోటే. ప్లాస్టిక్ ఫిల్మ్ లైన్‌లో బార్‌ని (పిన్నుల వరుస ఉన్న అయొనైజర్ కడ్డీని) రోలర్‌కి ఎదురుగా పెడతారు. ఫిల్మ్ ఇనుప రోలర్‌ని తాకుతున్నంతసేపు దాని ఛార్జ్ తాలూకు ఫీల్డ్ రోలర్ వైపు తిరిగిపోతుంది. బార్ నుంచి వచ్చే అయాన్లని అది లాక్కోదు. అక్కడ ఛార్జ్ కొలిచే ఫీల్డ్ మీటర్ పెట్టినా తక్కువే చూపిస్తుంది, మనం మోసపోతాం. రెండు రోలర్ల మధ్య ఫిల్మ్ గాలిలో తేలే చోట బార్ పెట్టాలి. మామూలు బార్ అయితే ఫిల్మ్‌కి 50 నుంచి 150 ఎంఎం దూరం, పిన్నుల పక్కన ఇనుప బ్రాకెట్లు, గార్డులు లేకుండా. ఇనుము దగ్గరుంటే అయాన్లు దాని మీదికే పోతాయి. అయొనైజింగ్ నాజిల్‌కి పొడుగాటి పీయూ (ప్లాస్టిక్) పైపు తగిలించి వంకర్లు తిప్పినా అంతే, అయాన్లు దారిలోనే చచ్చిపోతాయి, చివర వచ్చేది ఉత్త గాలి.

పిన్నులు తుడవడం ఇంకో పెద్ద విషయం. వాటి కొనల మీద తెల్లటి బూజు లాంటిది పేరుకుంటుంది. వారానికి ఒకసారి పవర్ ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి నైలాన్ బ్రష్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక ఆన్ చెయ్యాలి. దాన్ని ప్రివెంటివ్ మెయింటెనెన్స్ చార్టులో రాయకపోతే ఎవరూ చెయ్యరు. చర్లపల్లి వైపు సర్క్యూట్ బోర్డులు చేసే చోట్ల ఇది ఇంకా ముఖ్యం. ప్లస్ పిన్నులో మైనస్ పిన్నులో ఒక రకం మాత్రమే మురికైతే అయొనైజరే బోర్డుకి ఛార్జ్ ఎక్కిస్తుంది. ఎలక్ట్రానిక్స్‌ని స్టాటిక్ నుంచి కాపాడే ప్రమాణం ఏఎన్ఎస్ఐ ఈఎస్‌డీ ఎస్20.20 ప్రకారం ఆఫ్‌సెట్ (అయొనైజర్ మిగిల్చే వోల్టేజ్) ప్లస్ ఆర్ మైనస్ 35 వోల్టుల్లో ఉండాలి, దాన్ని ఛార్జ్‌డ్ ప్లేట్ మానిటర్ అనే పరికరంతో కొలవాలి. లైట్ వెలుగుతోంది కాబట్టి పనిచేస్తోందనుకోవద్దు. ఇంకొకటి, సాల్వెంట్ ఇంకు వాడే గ్రావ్యూర్ ప్రింటింగ్ దగ్గర మామూలు బార్ పెట్టకండి. అక్కడ పేలుడు ప్రమాద ప్రాంతాలకు సర్టిఫై అయినదే వాడాలి. ఈ ఒక్క దాంట్లో రేటు బేరం వద్దు.

అందుకే వరుస మారాలంటున్నాను. ముందు ఛార్జ్ తియ్యాలి. తర్వాత కొంచెం గాలితో దుమ్ము లేపాలి. లేచిన దుమ్మును అక్కడికక్కడే వాక్యూమ్‌తో పీల్చెయ్యాలి. మూడోది లేకపోతే మొదటి రెండూ చేసినా దుమ్ము షెడ్డులోనే తిరుగుతుంది. సీసాలు ఆరబెట్టడం లాంటి పనులకైతే కంప్రెస్డ్ గాలి అసలు ముట్టుకోకండి, బ్లోవర్‌కి ఎయిర్ నైఫ్ (సన్నటి చీలికలోంచి గాలిని పరదాలా కొట్టేది) తగిలించండి.

కొట్టే గాలి శుభ్రంగా ఉందా అన్నది వేరే ప్రశ్న. ఆగస్టు లెక్క చూడండి. బయట 30 డిగ్రీలు, తేమ 75 శాతం, కంప్రెసర్ 350 సీఎఫ్ఎం. గంటకి 13 లీటర్లకి పైగా నీరు ఆవిరి రూపంలో లోపలికి లాగుతోంది. వేడి గాలిని చల్లార్చే ఆఫ్టర్‌కూలర్ దగ్గర, డ్రైయర్ దగ్గర ఆ నీరంతా బయటికి పోవాలి. నీటిని దానంతటదే వదిలే ఆటో డ్రైన్ ఒకటి మూసుకుపోయిందంటే నీరు లైన్‌లోకి, పాత జీఐ పైపులోని తుప్పుతో కలిసి పార్ట్ మీదికి. టైమర్ డ్రైన్ తెరుచుకున్న ప్రతిసారీ నీటితో పాటు గాలీ వదిలేస్తుంది, లెవెల్ చూసి తెరుచుకునే డ్రైన్ మేలు. అలాగని అంతటికీ మైనస్ 40 డ్యూ పాయింట్ (ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రత) ఇచ్చే, తేమ పీల్చే మందుతో పనిచేసే డెసికెంట్ డ్రైయర్ పెట్టకండి. హీట్‌లెస్ రకం 15 శాతం గాలిని పర్జ్‌కే, అంటే ఆ మందుని మళ్లీ ఆరబెట్టడానికే తినేస్తుంది. మూతలు ఊదడానికి 3 డిగ్రీల రిఫ్రిజరేషన్ డ్రైయర్, నూనె, నీటి తుంపరల్ని పట్టే మంచి కోయలెసింగ్ ఫిల్టర్ చాలు.

లీకులు తెలుసుకోవడానికి కన్సల్టెంట్ అక్కర్లేదు, ఒక ఆదివారం చాలు. మిషన్లన్నీ ఆపండి, గాలి లైన్ తెరిచే ఉంచండి, లోడ్ అన్‌లోడ్ కంప్రెసర్ ఒక్కటే నడపండి. లోడ్‌లో ఎంతసేపుంది, అన్‌లోడ్‌లో ఎంతసేపుంది, పది సైకిళ్లు ఫోన్ స్టాప్‌వాచ్‌తో రాసుకోండి. సగటున 90 సెకన్లు లోడ్, 210 సెకన్లు అన్‌లోడ్ వచ్చిందనుకోండి. 90ని 300తో భాగిస్తే 30 శాతం. 350 సీఎఫ్ఎం కంప్రెసర్ అయితే 105 సీఎఫ్ఎం లీకే, దగ్గర దగ్గర 19 కిలోవాట్లు. తర్వాత సబ్బు నీళ్లు పట్టుకుని పుష్ ఫిట్టింగులు, ఎఫ్ఆర్ఎల్ (ఫిల్టర్, రెగ్యులేటర్, లూబ్రికేటర్) బౌల్స్, హోస్ క్లాంపులు, సిలిండర్ సీళ్లు వెతకండి, దొరికిన చోటల్లా ట్యాగ్ కట్టండి. లీకులు కట్టాక ప్రెషర్ కూడా అరకేజీ అరకేజీగా దించండి. ఒక కేజీ దిగితే కంప్రెసర్ కరెంటు 6, 7 శాతం తగ్గుతుంది.

షిఫ్ట్ అయిపోయాక బట్టల మీద దుమ్మును ఎయిర్ గన్‌తో దులుపుకోవడం మాత్రం ఈ రోజే ఆపించండి. 6 కేజీ గాలి కంట్లోకి, చెవిలోకి, చర్మం మీది చిన్న గాయంలోకి పోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సరదాకి ఒంట్లోకి గాలి కొట్టి ప్రాణాలు తీసిన సంఘటనలు మన దేశంలో జరిగాయి. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓఎస్‌హెచ్‌ఏ నియమం శుభ్రం చేసే గాలి 30 పీఎస్ఐ కంటే తక్కువే ఉండాలంటుంది, అంటే మన లెక్కలో 2 కేజీ. లాకర్ రూమ్ తలుపు దగ్గర బ్రష్ ఉన్న వాక్యూమ్ పైపు ఒకటి బిగించండి, దులుపుకోవడానికి అది చాలు.