ఆ సభలో సీట్లు లెక్కపెట్టారా?

మా బ్యాచ్ గ్రూపులో ఈ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి: "పాలస్తీనా అన్న పేరే ఎప్పుడూ లేదు. అక్కడి అరబ్బులు ఒక్క సంస్థనూ కట్టుకోలేదు. బ్రిటిష్‌వాళ్లు చట్టసభ ఇస్తామంటే వాళ్లే వద్దన్నారు." ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

పేరు సంగతి తేలిక. 1927 నాటి పది మిల్స్ నాణెం, మధ్యలో చిల్లున్నది, ఫొటో వెతికి చూడండి. ఇంగ్లీషు, అరబిక్, హీబ్రూ మూడింటిలోనూ పాలస్తీనా అనే ఉంటుంది. అయితే అదే నాణేన్ని "స్వతంత్ర దేశానికి రుజువు" అని పంపేవాళ్లదీ తప్పే. దాన్ని అచ్చు వేయించింది లండన్‌లోని కరెన్సీ బోర్డు.

సంస్థలా? జాఫాలో ఫలస్తీన్ పత్రిక 1911లో మొదలైంది. 1919లో జెరూసలేంలో పాలస్తీనా అరబ్ కాంగ్రెస్, 1929లో అక్కడే మహిళల మహాసభ, 1930లో అరబ్ బ్యాంక్. చాలా?

అసలు విషం మూడో మాటలో ఉంది. 1922లో బ్రిటిష్‌వాళ్లు ఇస్తామన్న సభలో హైకమిషనర్ (అక్కడి బ్రిటిష్ పాలనాధిపతి) కాక 22 మంది. అందులో 10 మంది ప్రభుత్వ అధికారులు. ఎన్నికయ్యే 12 మందిలో 8 మంది ముస్లింలు, ఇద్దరు క్రైస్తవులు, ఇద్దరు యూదులు. జనాభాలో పదికి దాదాపు తొమ్మిది మంది అరబ్బులైన దేశంలో, 23 మంది కూర్చునే సభలో వాళ్లకు 10 సీట్లు! పైగా మాండేట్‌కు, అంటే పాలస్తీనాను పాలించమని నానాజాతి సమితి బ్రిటన్‌కు ఇచ్చిన అధికారపత్రానికి, విరుద్ధమైన చట్టమేదీ చేయకూడదు. ఆ పత్రంలోనే యూదులకు అక్కడ జాతీయ నివాసం అన్న హామీ ఉంది. అంటే అరబ్బులు తమ భవిష్యత్తును తేల్చే ఆ ఒక్క విషయం జోలికే పోకూడదు. దీన్ని స్వపరిపాలన అంటారా? 1920లో మన కాంగ్రెస్ కూడా బ్రిటిష్ కౌన్సిళ్ల ఎన్నికలను బహిష్కరించింది. మనవాళ్లకు స్వరాజ్యం అక్కర్లేదని ఎవరైనా అంటే మీరు ఊరుకుంటారా?

ఆ సభకు 1923లో జరిగిన ఎన్నికలను అరబ్బులు బహిష్కరించడం తెలివైన పనేనా అంటే, నాకూ అనుమానమే. జెరూసలేంలోని రెండు పెద్ద అరబ్ కుటుంబాలు, హుస్సేనీలు, నషాషీబీలు, ఒకరి కాలు ఒకరు లాగుతూ ఉద్యమాన్ని చీల్చుకున్నదీ నిజం. 1928 నాటికి ఆ అరబ్ కాంగ్రెసే ప్రాతినిధ్య ప్రభుత్వం కావాలని అడిగింది.

1935 చివర్లో హైకమిషనర్ వాకోప్ 28 మందితో మళ్లీ ఒక సభను ప్రతిపాదించాడు. ఈసారి అరబ్ నాయకులు తలుపు మూసేయలేదు. వద్దన్నది యూదు నాయకత్వం. 1936 ఫిబ్రవరి, మార్చి నెలల్లో బ్రిటిష్ పార్లమెంటు ఉభయ సభల్లోనూ దాన్ని దుమ్మెత్తి పోశారు. ప్రతిపాదన అటకెక్కింది. ఏప్రిల్‌లో అరబ్బుల సార్వత్రిక సమ్మె మొదలైంది. ఫార్వర్డ్ చేసేవాళ్లు ఈ సంగతి కూడా చేర్చి పంపండి.