గీత దగ్గరే పుట్టిందా, వచ్చి చేరిందా?

(బీకర్‌లో కింద నీళ్లు, పైన నీళ్లలో కలవని టోలీన్ అనే ద్రవం. మధ్య గీత మీద పలచటి బంగారు నానో పొర. సీనియర్ ప్రసాద్, జూనియర్ సుమ.)

సుమ: అన్నా, కదపకుండా పక్కనుంచి చూడండి. బంగారు సమ్మేళనం పైన టోలీన్‌లో ఉంది, దాన్ని బంగారు లోహంగా మార్చే క్షయకరణి కింద క్షారం కలిపిన నీళ్లలో ఉంది, రెండూ ఎదురుపడేది ఆ గీత దగ్గరే, అందుకే పొరా అక్కడే కట్టింది. రసాయన శాస్త్రవేత్త సి.ఎన్.ఆర్.రావు గారి బృందం చేసి చూపించింది ఇదేగా.

ప్రసాద్: ఒడ్డున నురగ చేరిందని ఒడ్డే నురగని పుట్టించిందంటామా? బంగారు నానో కణాలు చేసే 1994 నాటి బ్రస్ట్ పద్ధతిలోనూ ఈ రెండు ద్రవాలే. ఓ అమ్మోనియం లవణం బంగారు అయాన్లని టోలీన్‌లోకి మోసుకెళ్తుంది, నీళ్లలో సోడియం బోరోహైడ్రైడ్ అనే క్షయకరణి పోసి గిరగిరా కలుపుతారు, చివరికి 1-3 నానోమీటర్ల కణాలు టోలీన్‌లోనే ఉండిపోతాయి. గీత మీద పొరే కట్టదు.

సుమ: అక్కడ థయాల్ ఉందన్నా, బంగారానికి అతుక్కునే గంధకపు సమ్మేళనం! అది తొడుగు వేసేశాక అవి టోలీన్‌ని ఎందుకు వదులుతాయి? నా పొరకైనా డోడెకేన్‌థయాల్ తగిలిస్తే విడిపోయి పైకి పోతుంది.

ప్రసాద్: నా మాటే చెప్పావు. ఎక్కడుండాలో తేల్చేది తొడుగు, గీత కాదు.

సుమ: ఉండేది సరే, పుట్టేదెక్కడ? పైగా గీత పట్టు తక్కువేం కాదు. అక్కడి తలతన్యత, అంటే గీతని బిగువుగా ఉంచే లాగుడు, మీటరుకి సుమారు 36 మిల్లీన్యూటన్లు. 10 నానోమీటర్ల వ్యాసార్థం ఉన్న కణం సగానికి మునిగి కూర్చుంటే, దాన్ని పీకడానికి కణాల్ని అటూ ఇటూ కుదిపే ఉష్ణశక్తికి రెండు వేల రెట్లు పైనే కావాలి.

ప్రసాద్: మరి 1 నానోమీటరు కణానికి? ఆ శక్తి వ్యాసార్థం వర్గాన్ని బట్టి పడిపోతుంది కాబట్టి ఇరవై ఏడు రెట్లో ఎంతో మిగులుతుంది, అదీ సరిగ్గా సగానికి మునిగితేనే, ద్రవాల గీత కణాన్ని తాకే కోణం కాస్త మారిందా అంతకూడా ఉండదు. అంటే నీ గీత పెద్దవాటిని పట్టే వల, అంతే.

సుమ: వలలో పడ్డాక కూడా పెరుగుతాయిగా, పైనుంచి బంగారం అందుతూనే ఉంటుంది. అయినా వాదనెందుకు, పొర కట్టకముందే పైనా కిందా కాస్త శాంపిల్ తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూద్దాం. నీళ్లలో కణాలు దొరికితే మీరే గెలిచినట్టు.

ప్రసాద్: తియ్యి మరి, గీతని మాత్రం తాకకు.

సుమ: తాకకుండా పైనుంచి నీళ్లలోకి ఎలా దిగుతానన్నా?

ప్రసాద్: టోలీన్ పోయకముందే అడుగుకి సన్న గొట్టం పెట్టాల్సింది. పద, మళ్లీ మొదటినుంచి.