మైదా గారి అగ్నిపరీక్ష

అమెరికాలో కోడిగుడ్డుకు తీరని అన్యాయం జరిగింది. పచ్చి కుకీ డో (బిస్కెట్లకి కలిపిన తీపి పిండిముద్ద) గిన్నెలో పిల్లలు వేలు పెట్టినప్పుడల్లా "గుడ్డుంది, వద్దు" అనడమే తప్ప, పక్కనే తెల్లగా, ఏమీ ఎరగనట్టు కూర్చున్న మైదాను అనుమానించినవాళ్ళు తక్కువ. 2016లో జనరల్ మిల్స్ అనే కంపెనీ పిండిలోని ఈ.కోలై అనే క్రిమి వల్ల 24 రాష్ట్రాల్లో 63 మంది జబ్బుపడ్డాక గుట్టు రట్టయింది. పొలంలో పశువులూ పక్షులూ చేసే ఘనకార్యాలు గింజతో పాటే పిండిమరకు వస్తాయి. పిండి ఆడిస్తే గింజ నలుగుతుంది, క్రిమి నలగదు.

అప్పుడైనా కుకీ డో మానేశారా? రామ రామ! ఓవెన్‌లో పెట్టని స్వీటు కోసం పిండిని మాత్రం ఓవెన్‌లో పెట్టే శాస్త్రం పుట్టింది. మైదాను ట్రేలో పరిచి కాసేపు వేడి చేయాలి, లేదా మైక్రోవేవ్‌లో తిప్పి తిప్పి కలపాలి. థర్మామీటర్ గుచ్చితే 165 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించాలి. చూపించిందా, మైదా పునీత!

ఆ 165 నిజానికి కోడిమాంసం లెక్క. కోడిలో తడి ఉంటుంది. పొడిపిండిలో సాల్మొనెల్లా అనే క్రిమి మొండికేస్తుంది, అదే వేడికి అంత తేలిగ్గా చావదు. పైగా ట్రే అంచుల్లో పిండి ఎర్రబడి మాడు వాసన కొడుతుంటే, నడుమ కట్టిన ఉండను చెంచాతో చిదిమితే లోపల తెల్లగా, గోరువెచ్చగా ఉంటుంది. థర్మామీటర్ మొన తనకు తగిలిన చోటి సంగతే చెబుతుంది మరి. అందుకే ఇంట్లో చేసే ఈ శుద్ధిని నమ్మొద్దని అక్కడి ఆహార, ఔషధాల ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ మొత్తుకుంటోంది. ఫ్యాక్టరీలో పద్ధతిగా వేడిచేసిన పిండితో తయారై, పచ్చిగా తినొచ్చని రాసున్న కుకీ డో షాపుల్లో దొరుకుతుంది. కానీ డబ్బులు పోసి థర్మామీటర్ కొన్నవాళ్ళకు అది నామోషీ.

డాలస్ వైపు మా పిన్నికి ఈ గొడవంతా చెబితే పకపకా నవ్వింది. "సున్నుండలకి మినప్పప్పు కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాకే మరలో వేస్తాం. రవ్వ లడ్డుకి రవ్వ వేయిస్తాం. మనకా పాఠాలు?" అంది.

మరి నాగుల చవితి పచ్చి చలిమిడి సంగతేంటి పిన్నీ? నానబెట్టిన బియ్యం దంచి, బెల్లం కలిపి, పొయ్యి మొహం చూపించకుండానే నోట్లో వేసుకుంటాం కదా?

"ప్రసాదానికి థర్మామీటర్ ఏంట్రా, కళ్ళు పోతాయి!" అంది పిన్ని. దీనికి ఎఫ్‌డీఏ దగ్గర కూడా జవాబు లేదు.