కామెంట్లు లెక్కపెడితే ఊరి మాట తేలదు

ఈ వారంలో నాలుగోసారి అదే మెసేజ్. మొదట ఒంగోలు నుంచి మా బావ పంపాడు, నిన్న రాత్రి కావలి నుంచి పెద్దన్నయ్య. "ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్‌లో జనం రాసే లక్షల మాటలు ఏఐ చదివేస్తోంది. దానికి కులం లేదు, పార్టీ లేదు. తెలుగంతా అర్థమవుతుంది. ఇక ప్రజాభిప్రాయ సేకరణ సభలు దండగ." అన్నయ్యా, నువ్వు పంపావు కాబట్టే ఇంత రాస్తున్నా.

వాట్సాప్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తా. 2016 నుంచి మన గ్రూపుల మాటలు ఎన్‌క్రిప్షన్‌లో ఉన్నాయి, బయటివాళ్లు గంపగుత్తగా చదవలేరు. కులం, పార్టీ లేవన్నదీ అంతే. ఏది మెచ్చుకోలో ఏది తిట్టో గుర్తులు పెట్టి దానికి నేర్పింది మనుషులే.

లక్షలు చదివితే తప్పు ఉండదట. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు, ఓటు ఎవరికని అడుగుతూ లిటరరీ డైజెస్ట్ పత్రిక పంపిన కార్డుల్లో 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని చూసి రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని రాసింది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌కి పోయాయి. ఆ కార్డులు ఎక్కువగా ఫోన్లు, కార్లు ఉన్నవాళ్లకే వెళ్లాయి మరి. రొయ్యల గుంటల పక్కన బోరు ఉప్పెక్కి, బిందెతో పక్క వీధికి నడిచే అవ్వ ఎక్కడ కామెంట్ పెట్టింది?

ఇక తెలుగు. మనవాళ్లు "నీళ్లు రాలా" అంటారు. ఆ చివరి "లా"లోనే "లేదు" ఉంది. దాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే దీర్ఘం పోతుంది. "భలే రోడ్డేశారు సార్, పడవ కూడా ఇప్పించండి" అన్నదాంట్లో మెచ్చుకునే మాటే ఉంది, మెచ్చుకోలు లేదు. "రామాయపట్నం పోర్టు ఇంకెన్నాళ్లు సాగదీస్తారు" అని మండిపడేవాడు పోర్టు కావాలనేవాడే. కోపాన్ని వ్యతిరేకత కింద రాసుకుంటే లెక్క తలకిందులవుతుంది.

నాకు ఒళ్లు మండింది ఆ ఆఖరి వాక్యానికి. సభలు దండగా? పోర్టులు, పెద్ద ఫ్యాక్టరీల విషయంలో ఈ సభలకు కేంద్ర ప్రభుత్వం 2006 పర్యావరణ నోటిఫికేషన్‌లో పెట్టిన పద్ధతి తెలుసా? కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సభంతా వీడియో తీయాలి. చివర్లో జనం ఏమన్నారో వాళ్ల భాషలోనే చదివి వినిపించాలి. అక్కడ రైతు అడిగిన ప్రశ్నకు కంపెనీ జవాబు చెప్పాలి. కామెంటుకు ఎవరు జవాబు చెప్తారు? భూమి పోయేవాడిని, ఎక్కడో కూర్చుని లైకు కొట్టినవాడిని ఒకే లెక్కలో వేస్తారా? ఇలాంటిది పదిమందికి పంపే ముందు ఆ పొలం ఎవరిదో ఒక్కసారి ఆలోచించండి.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. మన సభల్లో మైకు ఎప్పుడూ ఆ నలుగురు మగాళ్ల చేతుల్లోనే తిరుగుతుంది. వాళ్ల ముందు నోరు విప్పలేని ఆడపిల్ల రాత్రి ఫోన్లో రాస్తుంది: ఫలానాది వద్దు, ఎందుకంటే ఇది అని. వేల కామెంట్లలోంచి అలాంటి వాదనను, దాని కారణాన్ని ఏరి, కాపీ కొట్టినవాటిని పక్కకు తీయడం మనిషి వల్ల అయ్యే పని కాదు, కంప్యూటర్ సాయం కావాలి. చేయించండి. ఆ జాబితాను అదే షామియానా కింద, అందరి ముందు చదవండి. ఆ పిల్ల చెప్పిన కారణానికీ జవాబు ఇప్పించండి.