చేప తరఫున కొనే రాడ్

కేప్ కాడ్ సముద్రతీరం వైపు బ్లూఫిన్ ట్యూనాలనే పెద్ద చేపలు వచ్చాయని ఎండాకాలంలో కబురందితే చాలు, బోస్టన్ చుట్టుపక్కల ఉండే మాలాంటివాళ్లకి ఒక రకం జ్వరం పట్టుకుంటుంది. బిర్యానీ పార్టీల్లో వడ్డీ రేట్లు, గ్రీన్ కార్డు డేట్లు మాట్లాడుకునే పెద్దమనుషులు హఠాత్తుగా గొంతు తగ్గించి, చేపలు పట్టే గేలం కర్ర సంగతి ఎత్తి, "రాడ్ ఎన్ని అడుగులది తీసుకున్నావ్?" అని అడుగుతారు. ఏడున్నర అన్నవాడు తల దించుకుంటాడు. ఎనిమిది అన్నవాడు ఇంకో ముక్క వేసుకుంటాడు.

ఈ 8 అడుగుల గౌరవం మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. పొడుగు రాడ్‌తో ఎర దూరం వెళ్తుంది, నిజమే. పడవ చప్పుడుకి బెదిరే ట్యూనా గుంపుని అందుకోవాలంటే ఆ దూరం కావాలి కూడా. కానీ ఆ సుఖం విసిరే రెండు సెకన్లే. చేప పడ్డాక లెక్క తిరగబడుతుంది. రాడ్ మొదలు నడుముకి ఆనించి, 2 అడుగుల పైన ఎడమచెయ్యి వేసి పట్టుకుంటాం. అవతల 8 అడుగుల కొసని చేప 10 కిలోల బరువుతో లాగితే మన చేతి మీద పడేది 40 కిలోలు. పాతకాలం ఏతం లెక్కే ఇది. కాకపోతే పొడుగు కొస చేపకిచ్చి, పొట్టి కొస మనం పట్టుకున్నాం. రాడ్ వంగుతుంది కాబట్టి కొంత తగ్గుతుందనుకోండి. అయినా ప్రతి అదనపు అడుగుకీ చేపకి ఇంచుమించు 5 కిలోల అలవెన్సు మనమే శాంక్షన్ చేస్తున్నాం, మన క్రెడిట్ కార్డు మీద.

ఇంతకీ ఏం చూసి కొనాలి? రాడ్ ఒంటి మీదే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది: పీఈ 8, ల్యూర్ 60–150 గ్రాములు. పీఈ అంటే జపాన్ వాళ్లు అల్లిక దారం మందానికి పెట్టుకున్న లెక్క. ల్యూర్ అంటే ఎర. ట్యూనాలు శాండ్ ఈల్స్ అనే సన్నటి చిన్న చేపల్ని తింటున్న రోజుల్లో మన ఎర కూడా సన్నగా, తేలిగ్గా ఉండాలి. అలాంటి 40 గ్రాముల ఎరని ఈ రాడ్‌కి కట్టి విసిరితే రాడ్ వంగనే వంగదు, ఎర పడవ పక్కనే టప్పున పడుతుంది. బుల్‌డోజర్ తెచ్చి పెళ్లికూతురికి బుగ్గచుక్క పెట్టినట్టు. ముందు ఎర బరువు, తర్వాత దారం, ఆఖర్న రాడ్ చూసుకోవాలి. మేం మాత్రం ముందు రాడ్ కొని, దానికి తగ్గ రీల్ (దారం చుట్టే చక్రం) కొని, రీల్‌కి తగ్గ దారం కొని, చివరికి మిగిలిన 20 డాలర్లతో ఎర కొంటాం. చేపకి కనిపించేది అదొక్కటే.

ఖరీదు ఇంట్లో చెప్పడానికీ ఒక పద్ధతుంది. 2019 జనవరిలో టోక్యోలోని టోయోసు మార్కెట్లో 278 కిలోల బ్లూఫిన్ ఒకటి 33.36 కోట్ల యెన్‌లకి వేలంలో పోయింది. మా ఆవిడకి ఇదే చెప్పాను. "మరి మన చేపని ఎక్కడ అమ్ముతారు?" అంది. అమ్మకూడదు. సరదాకి పట్టేవాళ్లకిచ్చే ఫెడరల్ పర్మిట్ మీద పట్టిన ట్యూనా అమ్మడానికి వీల్లేదు. 27 అంగుళాలకి తక్కువుంటే తిరిగి నీళ్లలోకి వదిలెయ్యాలి. ఆవిడ ఇంకేం అనలేదు. ఆ మౌనం మందం ఎన్ని పీఈలో జపాన్ వాళ్లు కూడా లెక్క కట్టలేదు.

అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఈ గోల లేదు. ఫైబర్ పడవల మీద బంగాళాఖాతంలోకి వెళ్లి, తాడూ గేలమూ చేత్తోనే పట్టుకుని ఎల్లోఫిన్ ట్యూనాల్ని లాగుతారు. కిందటిసారి ఇండియా వెళ్లినప్పుడు అక్కడి పెద్దాయన ఒకరికి ఫోన్‌లో నా రాడ్ ఫోటో చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది బాబూ. మరి జెండా ఏదీ?" అన్నాడు.

నాది ఒకే ముక్క రాడ్, మడవడానికి లేదు. కారులో పట్టదు. మా ఇంట్లో గదుల సీలింగ్ సరిగ్గా 8 అడుగులు కాబట్టి నిటారుగా నిలబెట్టడానికీ లేదు, దేవుడి గది మూల ఏటవాలుగా ఆనించాం. పోయిన సీజన్లో మూడుసార్లు సముద్రం మీదికి వెళ్లాను. ఒక్కసారి ట్యూనాలు విసిరే దూరంలో లేచాయి. అప్పుడు ఎర నా టోపీకి తగులుకుని ఉంది.

దసరా ముందు శనివారం బయటికెళ్లి ఇంటికొచ్చేసరికి మా ఆవిడ మెట్ల మధ్యలో నిలబడి, రాడ్ కొసకి పాత చీర ముక్క చుట్టి, పైనున్న ఎత్తు సీలింగ్ బూజు దులుపుతోంది.

"ఏవండీ, మూలల్లోకి భలే వంగుతోందండీ ఇది," అంది.