దద్దోజనం గారి మడిబట్ట

మా ఇంట్లో మడి ఆగిపోయి పదేళ్ళు దాటింది. అమ్మ తన చీరను కర్రతో దండెం మీదకి ఎత్తి ఆరేసేది, అది ఆరేదాకా ఆ దరిదాపుల్లోకి ఎవరూ వెళ్ళకూడదు, పొరపాటున చెయ్యి తగిలితే మళ్ళీ తడపాల్సిందే. మా ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో ఏమీ అనలేదు గానీ, తర్వాత్తర్వాత "ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు చేస్తున్నారత్తయ్యా" అని నవ్వుతూనే మొత్తం ఎత్తేయించింది. అలాంటి ఇంట్లోకి, ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తు ఫ్లాట్‌లోకి, మడి తిరిగొచ్చింది. ఈసారి దేవుడి కోసం కాదు. దద్దోజనం, పులిహోర అనే రెండు గినీ పిగ్స్ కోసం. ఒకటి తెలుపు, ఒకటి పసుపు, పేర్లు మా అమ్మాయి పెట్టింది.

ఇవి పందులు కావు, గినీ నుంచి వచ్చినవీ కావు. ఎలుకల బంధువులు, పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటే హాయిగా ఉంటాయట, 30 దాటితే ప్రాణం మీదకొస్తుందట. వైజాగ్ మే నెలలో 24 డిగ్రీలు ఎక్కడుంటాయండీ, ఫ్రిజ్‌లో తప్ప? నాకు ఏసీ కొనాలా వద్దా అని నాలుగేళ్ళు ఆలోచించిన కుటుంబం వీటికి నాలుగు రోజుల్లో తేల్చేసింది. సరే, అది వదిలేయండి. అంత చల్లబరిచిన గదిలో వాటి కింద పరిచేది ఏమిటో తెలుసా? ఫ్లీస్. స్వెట్టర్ గుడ్డ. లంబసింగి వెళ్ళేటప్పుడు తప్ప ఈ ఊళ్ళో మనిషన్నవాడు ఒంటికి తగిలించుకోని గుడ్డ.

మొదట పేపర్లు వేశాం. తడిసి ముద్దయ్యాయి. తర్వాత టింబర్ డిపో నుంచి రంపప్పొట్టు తెస్తే దుమ్ముకి దద్దోజనం తుమ్ములు, దేవదారు లాంటి ఘాటు వాసన చెక్కల పొట్టయితే ఊపిరితిత్తులకే ముప్పని డాక్టరు కేకలు. తడి మీద నిలబడితే అరికాళ్ళు పుండ్లు పడతాయి, ఉచ్చ పేరుకుంటే అమ్మోనియా ఘాటుకి జబ్బు చేస్తుంది. కాబట్టి ఫ్లీసే గతి. పూర్ణా మార్కెట్లో అడిగితే కొట్టాయన ఆప్యాయంగా "బాబుకా, పాపకా?" అన్నాడు. ఇద్దరూ మగవాళ్ళేనన్నాను. "కవలలా సార్!" అని పైనున్న కట్టలన్నీ దింపించాడు. నేను సరిదిద్దలేదు. ఏమని సరిదిద్దను?

గుడ్డ ఇంటికి రాగానే శుద్ధి మొదలు. కొత్త ఫ్లీస్ మీద నీళ్ళు పోస్తే తామరాకు మీద బొట్టులా నిలబడతాయి తప్ప కిందికి దిగవు. వేడినీళ్ళలో మూడు నాలుగు సార్లు ఉతకాలి. ఉతికిన ప్రతిసారీ పరీక్ష చెయ్యాలి. అంటే ఉద్ధరిణెడు నీళ్ళు తీసుకుని గుడ్డ మీద వదిలి ఊపిరి బిగబట్టి చూడాలన్నమాట. దిగితే మడి, నిలిస్తే మైల. నిజంగానే అమ్మ పూజ గదిలోంచి ఉద్ధరిణి పట్టుకొచ్చేశాను మొదటిరోజు, దానికి పడ్డ తిట్లు ఇక్కడ రాయలేను.

అన్నిటికన్నా పెద్ద మైల ఏమిటంటే బట్టలకి సువాసన కోసం వేసే కండిషనర్. అది పోగుల మీద పూతలా పట్టేసి నీళ్ళను దిగనివ్వదు. అందుకని మా బట్టలతో కలిపి వాటి బట్ట ఉతక్కూడదు. బకెట్ వేరు, దండెం వేరు. ఆఖరి జాడింపులో కాస్త వెనిగర్, వాసన పోవడానికీ, ఉచ్చ ఎండితే మిగిలే తెల్లటి సున్నంలాంటి పొడి వదలడానికీ. నేను చొక్కా ఆరేస్తూ ఆ వైపు ఒరిగితే చాలు, "ఏవండీ, ముట్టుకోకండి, అది పిగ్స్‌ది!" అని వంటింట్లోంచి కేక. అమ్మ సోఫాలో కూర్చుని పేపర్ చదువుకుంటూ ఉంటుంది. ఏమీ అనదు. ఆ ఏమీ అనకపోవడమే ఉంది చూశారూ.

ఇంతా చేసి ఫ్లీస్ తానుగా పీల్చేది దాదాపు ఏమీ లేదు. పాలిస్టర్ కదా, మంచినీళ్ళ సీసా చేసే ప్లాస్టిక్కే అది కూడా. పైన పడ్డదాన్ని పోగుల సందుల్లోంచి కిందికి జార్చేసి తాను పొడిగా కూర్చుంటుంది. నేను ఉద్యోగం చేసిన ప్రతి ఆఫీసులోనూ ఇలాంటి పైఅధికారి ఒకాయన ఉండేవారు. కాబట్టి కింద అంతా పీల్చుకునే గుమాస్తా కావాలి. మందపాటి తువ్వాళ్ళు రెండు పొరలు. ఇంట్లో మంచి తువ్వాళ్ళన్నీ ఆ ఉద్యోగంలో చేరిపోయాయి, నేను పంచెతో తుడుచుకుంటున్నాను.

రోజూ పొద్దునా సాయంత్రం చిన్న చీపురుతో పెంటికలు ఊడవాలి, ఒక్కోటి రోజుకి వందకి పైగా వేస్తుంది, అబద్ధం కాదు. మూడు నాలుగు రోజులకోసారి మొత్తం మార్చాలి. ఉతికే ముందు బాల్కనీలో దులపాలి, లేకపోతే ఎండుగడ్డి మెషిన్ ఫిల్టర్లో ఇరుక్కుని వచ్చిన మెకానిక్ "సార్, మీకు ఆవులున్నాయా?" అని అడుగుతాడు. ఇప్పుడు జిప్పు సంచిలో పెట్టి వేస్తున్నాం. పనమ్మాయి మాత్రం గుమ్మం దగ్గర నిలబడి ఒకటే మాటంది: "ఏటి బావూ, ఎలకలకి దుప్పట్లేటి? నాకొకటిస్తానని రెండు సంకురాత్రులయ్యింది." నేను అర్జెంటుగా ఫోన్ చూసుకున్నాను.

అక్టోబర్లో అసలు పరీక్ష వచ్చింది. బంగాళాఖాతంలో ఏదో పట్టింది, నాలుగు రోజులు వాన. ఫ్లీస్ ఫ్యాను కింద రెండు గంటల్లో ఆరిపోయింది, దాని గొప్ప దానిదే. తువ్వాళ్ళు ఆరలేదు. సముద్రపు తేమకి ముక్కవాసన కొట్టడం మొదలుపెట్టాయి. నేనూ మా ఆవిడా అమ్మాయీ తలో గదిలో పొడి గుడ్డ కోసం వెతుకుతుంటే, అమ్మ లేచి తన పెట్టెలోంచి పాత నేత చీరలతో కుట్టిన బొంత తీసింది. "నువ్వు పుట్టినప్పుడు నీ కిందా ఇదే వేశానురా, చుక్క పైకి తేలేది కాదు" అంది.

మా ఆవిడ చేతిలోకి తీసుకోబోయి ఆగింది. "అత్తయ్యా, ఏమీ అనుకోకండి. దీన్ని దేంతో ఉతికారు? విడిగానే ఆరేశారా?"

అమ్మ కళ్ళజోడు సర్దుకుని కోడలిని చాలాసేపు చూసింది.

"కుంకుడుకాయ రసంతో ఉతికానమ్మా. విడిగానే ఆరేశాను. కర్రతో."