దంతవైద్యుల నష్టం ఏ పద్దులో?

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వాగు గండ్ల గుండా వచ్చిన నీరు విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీలను ముంచెత్తింది. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చింది. కొన్ని వీధుల్లో నీరు రోజుల తరబడి కదల్లేదు. ఇళ్లు, దుకాణాలు, ఆటోలు, తోపుడుబళ్లు ఎంత నష్టపోయాయో నాడు విస్తృతంగా చర్చకు వచ్చింది. ముంపు ప్రాంతాల్లో నేల అంతస్తులో చిన్న క్లినిక్ నడుపుకునే దంతవైద్యుడి నష్టం గురించి మాత్రం మాట్లాడినవారు చాలా తక్కువ. డాక్టరుకు డబ్బుకు కొదవేమిటన్న అభిప్రాయం సమాజంలో బలంగా ఉండటమే అందుకు కారణమని మేము భావిస్తున్నాం. ఆ అభిప్రాయం సరైనది కాదు.

దంతవైద్యం పనిముట్ల మీద ఆధారపడిన వృత్తి. స్టెతస్కోపు, మందుల చీటీ ఉంటే జనరల్ ప్రాక్టీషనరు మరునాడే చెట్టు కింద కూర్చుని అయినా రోగిని చూడగలరు. దంతవైద్యుడికి ఆ వెసులుబాటు లేదు. మెట్లెక్కలేని వృద్ధుల కోసం క్లినిక్‌ను సాధారణంగా కింది అంతస్తులోనే పెడతారు. డెంటల్ చెయిర్‌ను నడిపే మోటారు, విద్యుత్ సరంజామా కుర్చీ అడుగునే ఉంటాయి, కాలితో నొక్కే పెడల్ నేల మీదే ఉంటుంది, కంప్రెసర్‌ను మెట్ల కిందో వెనక గదిలోనో బిగిస్తారు. అందువల్ల మోకాలి లోతు నీరు చాలు, వైద్యం మొత్తం ఆగిపోవడానికి. నీరు తీసి తలుపు తెరిచేసరికి పెడల్ బురదలో కూరుకుపోయి ఉంటుంది, కింది సొరుగుల్లో దాచిన రోగుల ప్లాస్టర్ దంత నమూనాలు చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతాయి. కట్టుడు పళ్ల కోసం అడ్వాన్సు ఇచ్చి వెళ్లిన పెద్దాయనకు మళ్లీ మొదటి నుంచి కొలతలు తీయాలి. కరెంటు వచ్చినా, నీటి సరఫరా శుభ్రపడేవరకు ఆ నీటిని డెంటల్ చెయిర్ గొట్టాల ద్వారా రోగి నోట్లోకి పంపడం ప్రమాదకరం.

నాడు రాష్ట్ర ప్రభుత్వం త్వరగానే స్పందించింది. నేల అంతస్తు మునిగిన ఇంటికి 25 వేల రూపాయలు, కిరాణా వంటి చిన్న దుకాణాలకు 25 వేలు ప్రకటించింది. నమోదైన సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు టర్నోవరును బట్టి 50 వేలు, లక్ష, లక్షన్నర ఇస్తామంది. అంత పెద్ద విపత్తులో ఆ మాత్రం వేగం అభినందనీయం. అయితే మా అభ్యంతరమల్లా టర్నోవరును కొలబద్దగా తీసుకోవడం మీదే. సరుకు కొని అమ్మే వ్యాపారానికి ఆ కొలత కొంతవరకు సరిపోతుందేమో గానీ, రోజుకు పదిమందిని చూసే దంతవైద్యుడికి టర్నోవరు స్వల్పం, పరికరాల మీద పెట్టుబడి భారీ. ఏడాదికి 40 లక్షల లోపు టర్నోవరు ఉన్న యూనిట్‌కు దక్కే 50 వేల రూపాయలతో లక్షల విలువ చేసే కుర్చీని, కంప్రెసర్‌ను, ఎక్స్‌రే సెన్సార్‌ను తిరిగి సమకూర్చుకోవడం సాధ్యం కాదు. అదీ చిన్న పరిశ్రమల నమోదుకు కేంద్రం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకున్నవారి మాట. నమోదు లేనివారి నష్టం ఏ పద్దులో రాయాలో లెక్కలు తీయడానికి వచ్చిన సిబ్బందికే తెలియదు. విపత్తు స్పందన నిధి నిబంధనల్లో పంటకు, పశువుకు, చేనేత, హస్తకళాకారుల పనిముట్లకు సాయం ఉంది. వైద్యుడి పనిముట్లకు లేదు.

బీమా ఉంది కదా అనవచ్చు. చాలామంది దంతవైద్యులు తీసుకునేది వృత్తిపరమైన బాధ్యత బీమా. చికిత్సలో పొరపాటు జరిగిందని రోగి కేసు వేస్తే అది అక్కరకొస్తుంది, వరదకు పనికిరాదు. 5 కోట్ల లోపు ఆస్తులున్న సంస్థల కోసం 2021 ఏప్రిల్ నుంచి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే ప్రామాణిక పాలసీ అందుబాటులో ఉంది, వరద నష్టం అందులోకి వస్తుంది. క్లినిక్ మూతపడిన నెలల ఆదాయానికి మాత్రం వేరే రక్షణ కావాలి. ఈ తేడాను కళాశాలలోనే చెప్పి పంపాలి. దంతవైద్య డిగ్రీ బీడీఎస్ పూర్తిచేసి, బంగారం కుదువపెట్టి, పరికరాలకు బ్యాంకు రుణం తెచ్చుకున్న యువ వైద్యురాలికి నీట మునిగిన కుర్చీ మీద కూడా నెలనెలా వాయిదా ఆగదు. విపత్తు బాధితుల రుణాల్లో ఉపశమనాన్ని సిఫార్సు చేసే వీలు కల్పించిన విపత్తు నిర్వహణ చట్టంలోని 13వ సెక్షన్‌ను 2025 సవరణలో తొలగించడం ఈ పరిస్థితిలో విచారకరం. రిజర్వు బ్యాంకు మార్గదర్శకాల ప్రకారం రుణాలను పునర్వ్యవస్థీకరించే అవకాశం ఇప్పటికీ ఉంది. బ్యాంకులు దాన్ని దరఖాస్తు కోసం ఎదురుచూడకుండా అమలు చేయాలి.

అమెరికాలో విపత్తు ప్రకటించిన ప్రాంతంలోని చిన్న వ్యాపారాలకు ఫెడరల్ సంస్థ గరిష్ఠంగా 20 లక్షల డాలర్ల వరకు తక్కువ వడ్డీ రుణం ఇస్తుంది. ప్రైవేటు క్లినిక్‌లూ అందులోకి వస్తాయి. దంతవైద్యుల సంఘానికి అనుబంధమైన ఫౌండేషన్ విడిగా అత్యవసర గ్రాంటు ఇస్తుంది. అంత మొత్తం మనకు సాధ్యం కాకపోవచ్చు, పద్ధతి మాత్రం సాధ్యమే. భారతీయ దంతవైద్య సంఘం శాఖలు సభ్యత్వ రుసుములో కొంత పక్కనపెట్టి నిధి ఏర్పాటు చేసుకోవాలి, మునగని క్లినిక్‌లో సాయంత్రం పూట ఒక కుర్చీని బాధితుడికి ఇప్పించాలి. ప్రభుత్వం నష్టాన్ని పరికరాల బిల్లులు, మిగిలిన అప్పు ఆధారంగా లెక్కించాలి. జిల్లా వైద్యారోగ్యశాఖ వద్ద నమోదైన క్లినిక్‌ల జాబితా వచ్చే వానకాలానికి ముందే తహసీల్దారు కార్యాలయాలకు చేరాలి, నష్ట గణన ఫారంలో ఇల్లు, దుకాణం పక్కన క్లినిక్ అనే గడి ఉండాలి.